లష్కరులో వెలసిన ఊరు: సికింద్రాబాదు బజారుల పూర్వ చరిత్ర



ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక సందర్భాలలో వెలువడే సంచికలలో స్థలమహాత్మ్యం వ్రాయడం మన పెద్దల ఆచారం. ఏ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడో, ఏ రాజుకు స్వామి స్వప్నంలో సాక్షాత్కరించాడో, ఏ పుట్టలో మూర్తి లభించిందో చెప్పి, ఆపైన క్షేత్ర వైభవాన్ని వర్ణిస్తారు. సికింద్రాబాదు విషయంలో ఈ పద్ధతి సాగదు. ఈ ఊరికి పురాణం లేదు. 1806కు పూర్వం ఈ పేరే లేదు. ఒక సంధిపత్రంలోని షరతు మూలంగా, గుడారాల నడుమ, అంగళ్ల వరుసగా పుట్టిన ఊరు ఇది. అంతమాత్రాన దీనికి చెప్పుకోదగిన పుట్టుక లేదని తలచరాదు.

ఈ ఊరిని ఎవరు నిర్మించారని అడిగితే చరిత్ర పుస్తకాలలో సాధారణంగా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి మూడవ నిజాము సికందర్ జా. రెండవది కుంపిణీ రెసిడెంటు జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్. మొదటివారి పేరు ఊరికి నిలిచింది. రెండవవారి పేరు జేమ్స్ స్ట్రీటుకు చాలాకాలం ఉండి, ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డయింది. ఆ ఇద్దరి పాత్రను నేను కాదనను. అయితే పటాలం దిగడానికి చోటిచ్చినవారు వేరు, ఆ చోటును ఊరుగా నిలబెట్టినవారు వేరు. పటాలం వెంట మూటలు, కావళ్లు, డోలీలు మోస్తూ వచ్చి, పటాలం తరలిపోయినా తాము తరలిపోని సామాన్యులే ఈ ఊరికి మూలపురుషులని నా మనవి. అందుకు ఆధారాలు కోటలలో దొరకవు, బజారులలో దొరుకుతాయి.

మొదట ఈ నేల సంగతి. మన మూసీ నదిని పెద్దలు ముచికుంద అన్నారు. భాగవత దశమ స్కంధంలో, గుహలో నిద్రించి, తన్ను తన్ని లేపిన కాలయవనుణ్ణి కంటిచూపుతో భస్మం చేసిన ముచికుంద మహారాజు పేరు అది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో, అనంతపద్మనాభస్వామి వెలసిన చోట ఈ నది పుడుతుంది. సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో సంగమిస్తుంది. ఈ లోయ పడమటి భాగంలోనే గోలకొండ దుర్గం నిలిచింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నదికి దక్షిణాన హైదరాబాదు నగరాన్ని నెలకొల్పాడు. ఆ దుర్గానికీ, ఈ నగరానికీ నడుమ, నది ఉత్తరపు ఒడ్డున కార్వాన్ అనే పేట పెరిగింది. కార్వాన్ అంటే బిడారు. దూరదేశాల నుండి ఎద్దుల మీద, ఒంటెల మీద సరకు తెచ్చే బిడారులు దిగే చోటు కనుక ఆ పేరు వచ్చింది.

17వ శతాబ్దిలో వజ్రాల బేరానికి ఈ దేశం వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు తాను చూసినది వ్రాసిపెట్టాడు. వంతెనకు ముందే ఒక క్రోసు పొడవున పెద్ద పేట ఉన్నదనీ, వర్తకులు, దళారులు, చేతిపనివారు, సామాన్య జనమంతా అక్కడే కాపురముంటారనీ, వంతెన దాటిన తరువాతి నగరంలో ప్రభువులూ రాజోద్యోగులూ ఉంటారనీ అతని మాటల సారాంశం. ఆ వంతెన 1578లో కట్టిన పురానాపూల్. ప్రభుత్వం నదికి ఆవల, బేరం నదికి ఈవల. ఈ ఏర్పాటును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. నూటయాభై ఏండ్ల తరువాత హుసేన్‌సాగరు కట్టకు అటూ ఇటూ ఇటువంటిదే మరల ఏర్పడింది.

వర్తక స్థానమూ దేవాలయమూ ఒకదానినొకటి ఆనుకొని ఉండడం తెలుగు దేశంలో కొత్త కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. పూర్వపు రాజులు గాలివానకు చెదరి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సొమ్ము హరించేవారు. తాను అట్లు చేయననీ, నిర్ణయించిన సుంకం తప్ప వేరేమీ తీసుకోననీ ఆ మహారాజు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయింట ఒక వంతు. ఆ శాసనస్తంభం ఉన్నది వీరభద్రస్వామి ఆలయంలో. వర్తకుడికి ఇచ్చిన మాటను రాజు దేవుని ఎదుట నిలిపాడన్నమాట.

తరువాత వచ్చిన విదేశీ కొఠీలలో ఈ లక్షణం కనిపించదు. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో దిగారు. డచ్చివారు తీరం వదిలి లోపలికి వచ్చి, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో 1669లో కొఠీ పెట్టి, నూలుబట్టలు కొని పంపి, 1687 నాటికి అక్కడి నుండి తరలిపోయారు. సరకు కోసం వచ్చినవారు సరకుతో పోయారు. అది వర్తకధర్మమే, తప్పు పట్టడానికి లేదు. కాని అటువంటి చోట ఊరు పుట్టదు. సికింద్రాబాదులో ఊరు ఎట్లు పుట్టిందన్న ప్రశ్న అందుచేతనే ఆసక్తికరమైనది.

ఇక అసలు విషయానికి వస్తాను. 18వ శతాబ్ది చివర రెండవ నిజాము అలీఖాను కొలువులో ఫ్రెంచివారు తర్ఫీదు ఇచ్చిన పెద్ద సైన్యం ఉండేది. దాని నాయకుడు రేమండు 1798 మార్చిలో మరణించాడు. మూసారాంబాగులో ఆయన పేరు నేటికీ నిలిచి ఉన్నది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాము ఈస్టిండియా కుంపిణీతో సైన్యసహకార సంధి చేసుకొన్నాడు. దాని ప్రకారం 6 పటాలాలు, అనగా 6,000 మంది సిపాయీలు నిజాము రాజ్యంలో ఉండాలి. వారి ఖర్చుకు నిజాము సాలీనా 24,17,100 రూపాయలు చెల్లించాలి. గుంటూరు వైపు నుండి కుంపిణీ దండు వచ్చి చేరింది. అక్టోబరులో ఫ్రెంచి సైన్యాన్ని నిరాయుధం చేశారు. 1800 అక్టోబరులో మరొక సంధి జరిగింది. సైన్యం 8,000 సిపాయీలకూ, 1,000 గుర్రాలకూ పెరిగింది. ఏటేటా రొక్కం చెల్లించడానికి మారుగా నిజాము మైసూరు యుద్ధాలలో తనకు వచ్చిన సీమనే కుంపిణీకి వదిలివేశాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు ఆ విధంగా దత్తమండలాలైనాయి. వాటికి మొదటి ముఖ్య కలెక్టరు థామస్ మన్రో.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. సికింద్రాబాదు పటాలం తిన్న అన్నం, గుర్రం తిన్న ఉలవలు, అంగడిలో సిపాయి ఖర్చు చేసిన ప్రతి రూపాయి, మూలంలో రాయలసీమ రైతు చెల్లించిన శిస్తు. వానకు మొగం వాచిన ఆ సీమలో కాపు పండించిన కొర్రలూ జొన్నలూ కృష్ణకు ఇవతల ఒక ఊరిని పోషించాయి. మన ఊరి పుట్టుకను గర్వంగా చెప్పుకొనేటప్పుడు ఆ ఋణం కూడా చెప్పుకోవాలి. దాతల పట్టికలో ఆ రైతుల పేర్లు ఎక్కవు. వారు ఇచ్చినది తెలిసి ఇచ్చినదీ కాదు, మనసు పడి ఇచ్చినదీ కాదు.

ఆ సైన్యం హుసేన్‌సాగరుకు ఉత్తరాన ఉన్న మిట్టనేల మీద విడిసింది. ఆ చెరువు 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో త్రవ్వించినది. నగరానికి దూరంగా, అయినా పిలిస్తే అందేంత దగ్గరగా, ఎత్తైన ఆరోగ్యకరమైన భూమి కనుక దండుకు అనువైనది. 1803లో అలీఖాను మరణించగా సికందర్ జా గద్దె ఎక్కాడు. 1806లో ఆయన పేర ఈ విడిది సికింద్రాబాదు అయింది. జనం మాత్రం ఆ పేరు పలకడం కన్న లష్కరు అనడమే సులువనుకొన్నారు. లష్కరు అంటే దండు. ఆషాఢంలో లష్కరు బోనాలు అని నేటికీ అంటున్నాము గదా.

అప్పటి సైన్యం నేటి సైన్యం వంటిది కాదు. పోరాడేవారి కంటె వెంట నడిచేవారే ఎక్కువ. గుడారాలు వేసే ఖలాసీలు, డోలీలు మోసే బోయీలు, గుర్రాలకు సైసులు, గడ్డి కోసేవారు, తోలుతిత్తులతో నీరు పోసేవారు, చాకళ్లు, మంగళ్లు, కుట్టుపనివారు, కమ్మరులు, వంటవారు. వీరందరికీ బియ్యం, పప్పు, ఉప్పు, పొగాకు అమ్మే శెట్లు. పైగా మద్రాసు సైన్యానికి ఒక ప్రత్యేకత ఉండేది. దాని సిపాయీలు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని కదిలేవారు. ఎక్కడ దండు దిగితే అక్కడ పొయ్యి వెలిగేది, పసిబిడ్డ ఏడుపు వినబడేది, అమ్మవారికి మ్రొక్కు చెల్లేది. ఆ సైన్యంలో తెలుగువారు విస్తారంగా ఉండేవారు. ఉత్తర హిందూస్థానంలో కుంపిణీ సిపాయిని ఏ జాతివాడైనా సరే తిలంగా అని పిలిచేవారంటే దాని మూలం మన తెలంగాణ శబ్దమే.

బజారు ఎట్లు నడిచేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కథకు అదే కీలకం. దండులో రెండు విధాల బజారులు ఉండేవి. ప్రతి రెజిమెంటుకూ తనదైన బజారు ఒకటి. దానికి ఒక చౌదరి, పైన ఒక కొత్వాలు, ఆ పైన అజమాయిషీకి ఒక దొర. ధరలు, తూకాలు వారి తనిఖీలో ఉండేవి. రెజిమెంటుకు బదిలీ ఉత్తరువు వస్తే అంగడివాడు కూడా తట్టాబుట్టా సర్దుకొని, ఎద్దు మీద బస్తాలు వేసుకొని వెంట కదిలేవాడు. సాయంత్రానికి కొత్త మజిలీలో మరల త్రాసు వేలాడేది. రెండవది దండంతటికీ కలిపిన పెద్ద బజారు. అది రెజిమెంటును అనుసరించి పోయేది కాదు. ఒక దండు పోతే మరొక దండు వస్తుంది, కొనేవారు మారుతారు, అంగడి మారదు. మన జనరల్ బజారు ఆ రెండవ కోవకు చెందినది. రెజిమెంటల్ బజారు పేరులోనే మొదటి కోవ కనిపిస్తున్నది.

ఆగమం తెలిసిన భక్తులకు ఈ భేదం సులువుగా బోధపడుతుంది. చలబింబం, అచలబింబం అని రెండు ఉన్నవి గదా. ఉత్సవమూర్తి వీథులలో తిరిగి వస్తాడు. మూలమూర్తి కదలడు. అష్టబంధనం చేసి పీఠంలో స్థిరపరచిన తరువాత జీర్ణోద్ధరణ కాలంలో తప్ప ఆ మూర్తిని కదల్చే అధికారం ఎవరికీ లేదు. చలబజారు అచలబజారైన తీరే సికింద్రాబాదు చరిత్ర.

అచలం కావడానికి లాభం కూడా ఒక కారణమే. దీనిని దాచవలసిన పని లేదు. నిజాము రాజ్యంలో సరకు మీద నాకాలలో సుంకాలు ఉండేవి. 1802లో నిజామూ కుంపిణీ చేసుకొన్న వర్తక ఒడంబడిక వలన కుంపిణీ సీమల సరకు మీద నూటికి 5 చొప్పున మాత్రమే సుంకం అని నిర్ణయమయింది. లష్కరు బజారులకు దిగుమతి సుంకం మినహాయింపు కూడా ఉండడం వలన ఇక్కడి బేరం మిక్కిలి లాభసాటి అయింది. మోటుపల్లి శాసనం నాటి సూత్రమే ఇది. సుంకం తగ్గించి అభయం ఇచ్చిన చోటికి వర్తకుడు నడచి వస్తాడు. కాకపోతే మోటుపల్లిలో ఆ అభయం రాజు తన ఇష్టంతో ఇచ్చినది, ఇక్కడ ఫిరంగులు పక్కన ఉండగా కుదిరినది.

ఆ రోజులలో హుసేన్‌సాగరు కట్ట ఒక రాజ్యపు పొలిమేర వంటిది. భూమి రెండు వైపులా నిజాముదే. అయినా కట్ట దాటితే చట్టం మారేది, కొత్వాలు మారేవాడు, నాణెం మారేది. నగరంలో నిజాము సిక్కా, లష్కరులో కుంపిణీ వారి కల్దారు రూపాయి. తరువాతి కాలంలో స్థిరపడిన మారకం ప్రకారం 7 హాలీ సిక్కాలు 6 కల్దారులకు సమానం. సిపాయి నెల జీతం సుమారు 7 కల్దారులు. నగరం నుండి వచ్చి సరకు కొనేవాడు ముందు సరాపు దుకాణంలో నాణెం మార్చుకోవాలి. ఆ మార్పిడిలో మిగిలే కాసు, దమ్మిడీల మీద సరాపులు బ్రతికారు, కొందరు మేడలు కట్టారు. నగరంలో అప్పు ఎగవేసినవాడు కట్ట దాటి వస్తే వాణ్ణి ఏ చట్టం కింద పట్టాలన్నది ఒక సమస్య. రెండు రాజ్యాల సందున ఉండే పేటలన్నిటిలో ఇటువంటి చిక్కులు సహజం.

ఈ బజారులకు సరకు ఎట్లు వచ్చేది? తీరం నుండి ఉప్పు, లోనాడు నుండి ధాన్యం, బీరారు నుండి ప్రత్తి. రైలు లేదు, మంచి బాట లేదు. లంబాడీల టాండాలు వందల ఎద్దులతో బారులు తీరి వచ్చేవి. గోనెలు ఎద్దులమీద వేసి తోలే పెరికవారు వచ్చేవారు. మద్రాసు నుండి దండు వెంట మొదలియారులు వచ్చి గుమాస్తాలుగా, కంట్రాక్టుదారులుగా నిలదొక్కుకొన్నారు. పద్మారావు మొదలియారు గారి పేర వెలసిన పద్మారావునగరు ఆ సంతతికి గుర్తు. కోమటి శెట్లు, మార్వాడీ సేట్లు, గుజరాతీలు, పారశీకులు వచ్చారు. ఇన్ని భాషలవారికి బేరం కుదరడానికి ఒక మిశ్రమ భాష కావాలి. లష్కరు వీథులలో నేటికీ ఒకే వాక్యంలో తెలుగు, ఉర్దూ, అరవం వినిపిస్తే అది నిన్నమొన్నటి అలవాటు కాదు, రెండు శతాబ్దాల నాటి అంగడి మాట.

వీరిలో ఎందరి పేర్లు కాగితాలకెక్కాయి? సేట్ల పేర్లు ఎక్కాయి. మిగిలినవారి వృత్తుల పేర్లు మాత్రం ఊరే వ్రాసుకొన్నది. బోయిగూడ అంటే డోలీ మోసిన బోయీల గూడెం. కళాసిగూడ అంటే గుడారాలు వేసిన ఖలాసీల గూడెం. ఘాస్‌మండి అంటే గడ్డి అంగడి. గుర్రాలకు పచ్చగడ్డి మోపులు దించి అమ్మిన చోటు. ఆ పేరు పలుకుబడిలో అరిగి గ్యాస్‌మండి అయింది. ఇప్పటి పిల్లలు అక్కడ సిలిండర్లు అమ్మేవారేమో అనుకొంటారు! కార్ఖానా అంటే పనిశాల. పికెట్ అంటే దండు కాపలా స్థానం. పాట్ మార్కెట్‌లో కుండల పేరు నిలిచింది గాని, ఇప్పుడు అక్కడ అమ్మేది బంగారం. మట్టి బంగారమైన ఊరు మరొకటి చూపండి!

ఇంతకూ మూటలు మోసిన మనుష్యులు ఇక్కడే నిలవాలని ఎప్పుడు నిశ్చయించుకొన్నారు? ఇటువంటి నిశ్చయానికి దస్తావేజు ఉండదు. కాని ఒక గుర్తు ఉంటుంది. బదిలీ మీద పోయేవాడు దేవుణ్ణి సంచిలో పెట్టుకొని పోతాడు. నిలిచిపోయేవాడు దేవుణ్ణి నేలమీద నిలుపుతాడు.

ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి ఆలయ సంప్రదాయం ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనం. ఈ కథ మీలో చాలమంది ఎరిగినదే. అయినా ఈ కోణం నుండి ఒకసారి చూడండి. సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే బోయీ. 1813లో ఆయన ఉన్న దండును ఉజ్జయినికి పంపారు. అక్కడ కలరా వ్యాపించి జనం రాలిపోతుంటే అప్పయ్య, ఆయన తోటివారు ఉజ్జయిని మహంకాళికి మ్రొక్కుకొన్నారు. జబ్బు శమిస్తే తమ ఊరిలో అమ్మవారిని నిలుపుకొంటామని మ్రొక్కు. తిరిగి వచ్చి 1815లో పాత ఘాస్‌మండి దగ్గర కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. అక్కడ నూతి మరమ్మతు చేయిస్తుండగా మాణిక్యాంబ విగ్రహం లభించిందనీ, తరువాతి కాలంలో కొయ్య విగ్రహం స్థానంలో ఇప్పటి విగ్రహం వచ్చిందనీ చెబుతారు.

ఆ మ్రొక్కులోని ఒక మాటను గమనించండి. "తమ ఊరిలో" అన్నారు. సికింద్రాబాదు అన్న పేరు పెట్టి అప్పటికి ఏడేండ్లే అయింది. దాని నేల నిజాముది, పెత్తనం కుంపిణీది, డోలీలో కూర్చున్నది దొర. ఆ డోలీ క్రింద భుజం పెట్టినవాడు వందల క్రోసుల దూరంలో, చావు ఎదుట నిలిచి, ఆ విడిదిని తన ఊరు అన్నాడు. ఈ ఊరిని ఊరని నమ్మి, దేవతకు మాట ఇచ్చినవారిలో ఆయనను మించిన పాతవారి కథ నేను వినలేదు.

వేదపాఠశాలలో చదివి, మంత్రపూర్వకంగా ప్రతిష్ఠలు చేయించే నావంటివాడు ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రతిష్ఠకు శాస్త్రం ఎంతవరకు అనుసరించారని విచారించేవారు ఉంటారు. దారువు ప్రతిమాద్రవ్యమే. శిల, లోహం, మృత్తికలతోపాటు ఆగమాలు అంగీకరించినదే. పూరీ జగన్నాథుడే దారుమూర్తి. అయినా నా దృష్టిలో అసలు సంగతి అది కాదు. తరువాత మేము వచ్చి యజ్ఞశాలలు కట్టి, కలశాలు నిలిపి, హోమాలు చేశాము. మాకు పని కల్పించినది వారి విశ్వాసం. ఈ ఊరిలో మంత్రం మ్రొక్కు వెనుక నడచి వచ్చింది, ముందు నడవలేదు. ఆలయ చరిత్రలు వ్రాసేటప్పుడు అర్చకుల పరంపరతో మొదలుపెట్టే అలవాటు మాకు ఉన్నది. లష్కరులో అది బోయీలతో మొదలు కావాలి.

హిందువులకే కాదు, ఇక్కడికి వచ్చిన అందరికీ ఇదే గుర్తు వర్తిస్తుంది. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. పారశీక వర్తకులు, ప్రత్తి వ్యాపారంలో, నిజాము ప్రభుత్వానికి అప్పులివ్వడంలో పేరొందిన విక్కాజీ, పెస్టన్‌జీ సోదరులు 1847లో సికింద్రాబాదులో అగ్నిమందిరం నెలకొల్పారు. వారి పవిత్రాగ్నిని ఆరనీయరాదు. నిత్యం చందనపు చెక్కలు సమర్పించే మనిషి ఉండాలి. అగ్నిని నిలిపినవాడు మరునాడు మూట కట్టుకొని పోలేడు. అగ్నిహోత్రం ఎరిగిన మనకు ఇది వేరుగా చెప్పనవసరం లేదు.

తరువాతి సంగతులు సంగ్రహంగా చెబుతాను. 1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వంలో హైదరాబాదులో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. దాని ఫలితంగా దండుకు భద్రత పెంచి, తిరుమలగిరి వద్ద చుట్టూ కందకం, గోడలతో కట్టుదిట్టమైన స్థావరం కట్టారు. దండు ఉత్తరానికి జరుగుతూ పోయింది, బజారు ఉన్నచోటనే ఉన్నది. 1874లో వాడీ నుండి రైలు వచ్చింది. 1889లో బెజవాడతో లంకె కుదిరింది. తీరం ఉప్పు ఎద్దు మీద కాక పెట్టెలో రాసాగింది. లంబాడీ టాండాల వర్తకం దానితో క్షీణించిపోయింది. ఊరికి మేలు జరిగిన ఆ సంవత్సరాలే, దానికి తొలినాళ్లలో అన్నం మోసినవారికి అన్నం పోయిన సంవత్సరాలని మరువరాదు. 1897లో గడియార స్తంభం ప్రారంభమయింది. అందులోని గడియారం దివాన్ బహదూర్ సేటు లక్ష్మీనారాయణ రాంగోపాల్ గారి దానం. అంతవరకు దండు ఫిరంగి మ్రోతతో, బాకాతో ప్రొద్దు తెలుసుకొన్న బజారు, ఒక వర్తకుడు ఇచ్చిన గడియారంతో వేళ తెలుసుకోసాగింది. దండు వేళ పోయి ఊరి వేళ వచ్చిందని నేను అర్థం చేసుకొంటాను.

1945లో సికింద్రాబాదు పురపాలక సంఘం ఏర్పడింది. 1950లో అది కార్పొరేషను అయింది. 1960లో హైదరాబాదు కార్పొరేషనుతో కలిసిపోయింది. 1946లో సర్ మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉండగా హుసేన్‌సాగరు కట్టను వెడల్పు చేశారు. ఒకనాటి పొలిమేర అప్పటికే రాజబాట అయింది. ఇప్పుడు నాణెం ఒకటే, చట్టం ఒకటే. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది. దొరల పేర్లు పలకలమీద నుండి ఒక్కొక్కటే తొలగిపోయాయి.

బోయిగూడ, కళాసిగూడ, ఘాస్‌మండి మాత్రం ఏ ఉత్తరువుకూ లోబడి మారలేదు. ఆషాఢమాసంలో గోలకొండ తరువాత లష్కరు బోనాల ఆదివారం నాడు ఆ గూడేల ఆడపడుచులే పసుపు కుంకుమలు అలంకరించిన కుండలు తలపై పెట్టుకొని అమ్మవారి వద్దకు వస్తారు. మరునాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలిచి అమ్మవారి మాటగా భవిష్యవాణి చెప్పే స్త్రీ ఎదుట మంత్రులు, అధికారులు చేతులు జోడించి నిలబడతారు. ఇక రెజిమెంటల్ బజారు ఇప్పుడు ఏ రెజిమెంటుకూ చెందినది కాదు. ఎవరి బదిలీ ఉత్తరువు వచ్చినా అది కదలదు. సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి, ఏ గుడికి దారి ఎటని అడిగే యాత్రికుడు ముందుగా అడుగుపెట్టే పేటలలో అదొకటి.